తుమ్మపుల్లల కట్ట

మొదటి కట్ట ఉయ్యాల కట్టిన దూలానికి కనపడింది. చిటికెన వేలంత పొడవు. ఎండిన తుమ్మపుల్లల్నీ ముళ్ళనీ ఎవరో ఒకే కొలతకు కత్తిరించి, నిలువునా వరసగా పేర్చి, తెల్లటి దారంతో బిగించి చుట్టి, ఆ దారం కొసనే దూలానికి అంటించినట్టు వేలాడుతోంది. దాని కింద ఉయ్యాలలో పడుకునే పసివాడికి అప్పటికే జ్వరం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతోంది. ఇంకో కట్ట వీధి తలుపు ద్వారబంధానికి, మరొకటి గొడ్లపాక గుంజకు దొరికాక ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం మిగల్లేదు. చేతబడి అన్నారు. చేసింది ఎవరో కూడా వాళ్ళే తేల్చారు.

రెంటచింతల నుంచి మాచర్ల పోయే బస్సులు మా ఊరి మీదుగానే పోతాయి. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఇంటివాళ్ళు తలెత్తుకోలేరని కాదు, వాళ్ళు బాగానే ఎత్తుకొని తిరుగుతున్నారు. ఇలాంటి ఊరు ఇదొక్కటేనని చదివేవాళ్ళు తృప్తిపడి పక్కకు తిరుగుతారేమోనని రాయడం లేదు.

ఆ ఇంటి యజమాని నడివయసు రైతు. మిరప, పత్తి, ఎన్నికలప్పుడు వాకిట్లో ఆగే కార్లు, అన్నీ ఉన్నవాడు. నన్ను బాబాయ్ అంటాడు. వాళ్ళమ్మను నేను వదినా అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరి వరస. జ్వరం వచ్చిన పసివాడు ఆ వదినకు మనవడు.

వాళ్ళు వేలు చూపించింది మేకలామె మీద. ఆమె భర్త నాపరాళ్ళ క్వారీలో పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. తర్వాత ఆమె బతుకంతా మేకలే. రోజూ సాగర్ కాలువ కట్ట మీదికి పోయి నల్లతుమ్మ కొమ్మలు నరికి, మోపు కట్టి నెత్తిన పెట్టుకొని వచ్చేది. మా వీధి మలుపులో వదిన వాళ్ళ ప్రహరీ ఉంది. నడుమెత్తు నాపరాళ్ళ గోడ. ఆ గోడ మీద మోపు ఆనించి, మెడ అటూ ఇటూ తిప్పుకొని, "అక్కా, ఇన్ని మంచినీళ్ళు," అని కేకేసేది. వదిన చెంబు తెచ్చి ఇచ్చేది. ఏళ్ళ తరబడి నా అరుగు మీద కూర్చొని చూసిన సంగతే ఇది. ఇప్పుడు ఆ మోపు ఆనించే అలవాటే ఆమె మీద సాక్ష్యమైంది.

సాయంత్రం పాలకేంద్రం దగ్గర పంచాయితీ పెట్టారు. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు క్యాన్లు పక్కన దించి నిలబడ్డారు. కట్ట ఫోటో అప్పటికే ఫోన్లలో ఊరంతా తిరిగింది. డిగ్రీలు చదివిన పిల్లలు దాని కింద దండం బొమ్మలు పెట్టారు. ఒకడు ఎక్కడిదో వీడియో పంపి, ఇలాంటిదే అక్కడా దొరికిందని రాశాడు. చదువు చెప్పించడానికి వీళ్ళను రోజూ బస్సులెక్కించి నరసరావుపేట పంపింది ఇందుకా అని నాకు ఒళ్ళు మండింది.

మేకలామె గోడవారన చెప్పులు విడిచి నిలబడింది.

"అమావాస్య లోపల ఊరొదిలి పోవాల," అన్నాడు రైతు. "మేకల్ని తోలుకోనీ, సామాను సర్దుకోనీ. మేమేం చెయ్యి చేసుకోం. కానీ పోవాల."

"ఆధారం ఏందిరా?" అన్నాను.

"నువ్వుండు బాబాయ్. పుస్తకాలు చదివి చదివి నీకు దేవుడూ లేడు, దయ్యమూ లేదు. మాకు ఉన్నయ్."

"దయ్యం సంగతి తర్వాత. ఆధారం ఏంది?"

"ఊళ్ళో తుమ్మకొమ్మ తెచ్చేది ఎవరు? ఈమె. మోపు దించేది యాడ? మా గోడ మీద. మా ఇంట్లో దొరికింది ఏంది? తుమ్మపుల్లలు. ఇంకేం కావాల నీకు, కోర్టు కాయితమా?"

కొందరు నవ్వారు. అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.

నాకు ఇంకో సంగతి గుర్తుంది. అది గుర్తున్నవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో నాతో కలిపి కొద్దిమందే. నేను నిక్కరు తొడుక్కొనే వయసులో ఉండగా, ఊరి బయట నాపరాయి చట్టుబండ మీద ఒక మనిషిని కూర్చోబెట్టి రాయితో ముందు పళ్ళు రాలగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకదట. ఆ మనిషి కిక్కురుమనలేదు. చేతులు మాత్రం మోకాళ్ళ మీద పెట్టుకొని, ఎవరో బువ్వ పెడతామంటే కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆయన ముందు దారానికి వేలాడదీసి చూపించిన వస్తువు ఇదే. ఇలాంటి పుల్లల కట్టే. ఆ కుటుంబం తెల్లారేసరికి కృష్ణ దాటి అవతలికి పోయింది. వాళ్ళ పిల్లలు గాని, పిల్లల పిల్లలు గాని మళ్ళీ ఈ గట్టున కనపడలేదు.

తర్వాత ఎప్పుడో, ఎండాకాలం కాదు, వానలు పడ్డ రోజుల్లో, గొడ్లు కాస్తూ తుమ్మచెట్టు కింద పడుకొని పైకి చూస్తుంటే అదే కట్ట కొమ్మ మీద నడుస్తోంది. పై కొసన చిన్న నల్లటి తల బయటికి పెట్టి, ఆకు కొరికి, ఇల్లంతా లాక్కొని ముందుకు జరిగి, మళ్ళీ ఆకు కొరికి. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పాను. ఆమె ముందు నా వీపు మీద ఒకటి వేసి, తర్వాత ఉప్పు దిగదుడిచింది. అలాంటివాటి వంక చూడకూడదని ఒట్టు పెట్టించుకుంది.

కట్టను చూడకూడదు, విప్పకూడదు. మా వైపు ఇది కట్టుబాటు. దొరికినదాన్ని రెండు పుల్లలతో పట్టుకొని, ఊరి బయట ఎండుమిరపకాయలూ ఉప్పూ వేసి కాల్చాలి. విప్పినవాడికి లోపలున్నది తగులుకుంటుంది. అందుకని తరాల తరబడి ఆ కట్టల్ని కాల్చారు, వాటి పేరు చెప్పి మనుషుల్ని కొట్టారు, లోపల ఏముందో మాత్రం ఒక్కరూ చూడలేదు. దూలానికి దొరికిన కట్టను కూడా ఆ పొద్దుటే కాల్చేశారు. మిగిలినవి ఒక పాతడబ్బాలో వేసి పాలకేంద్రం గట్టు మీద పెట్టారు.

"లోపల పురుగుంటది," అన్నాను. "అది కట్టుకొన్న ఇల్లు అది. ఇప్పుడే విప్పుతా, చూడండి."

జనం వెనక్కు జరిగారు. రైతు నన్ను ఆపలేదు. "నీకే తగులుద్ది, మాకేం," అన్నాడు.

ద్వారబంధానికి దొరికిన కట్టను తీసుకొని జేబులోని చాకుతో పక్కన కోశాను. అంత తేలిగ్గా తెగలేదు. లోపలి పొర పట్టుగుడ్డలా ఉంది, చాకు జారిపోతోంది. రెండు వేళ్ళతో లాగితే చివరికి చీలింది. పురుగు లేదు. అరచేతిలోకి లేతపసుపు గింజలు రాలాయి, ఆవగింజలకంటే చిన్నవి, లెక్కలేనన్ని. వాటితో పాటు సన్నటి నూగు, మెత్తగా, వెంట్రుకల ఉండలా.

నా చేతి వంక నేనే చూస్తూ ఉండిపోయాను.

"గింజలు," అన్నారెవరో వెనకనుంచి. "వెంట్రుకలు," అన్నది ఒక ఆడగొంతు. "పసుపు కలిపింది చూడు."

అంతే. అప్పటిదాకా ఏదో సందేహంతో నిలబడ్డవాళ్ళు కూడా అటువైపు జరిగిపోయారు. నేను పెద్దగొంతుతో చెప్పి, అందరి ముందూ విప్పి, ఆమెకు వ్యతిరేకంగా అంతకన్నా పెద్ద సాక్ష్యం నా చేత్తోనే బయటికి తీశాను. ఒకతను ముందుకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేసిన తీరు నాకు నచ్చలేదు.

ఆపింది వదిన. పసివాణ్ణి భుజాన వేసుకొని అంతసేపూ వెనక నిలబడి ఉంది. "ఆగండి. ఏడిపించి పంపితే ఆ ఉసురు కూడా బిడ్డకే కొట్టుద్ది. అమావాస్య దాకా అన్నారుగా. అందాకా ఉండనీండి," అన్నది. జాలితో అనలేదు. భయంతో అన్నది. భయమైనా సరే, ఆ పూటకు అది పనికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే వదిన కోడలు పసివాణ్ణి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్పించడానికి తీసుకుపోయింది. నేను మేకలామెతో కాలువ కట్టకు పోయాను. పక్కపక్కన నడవడానికి ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వు ముందు పో అన్నా. నా పక్కన నడిస్తే నీకూ మంత్రాలొచ్చినయ్యంటారు."

"వస్తే ముందు నిన్నన్నవాడి నోరు పడిపోయేట్టు చేద్దును."

"అట్టా అనమాక. నువ్వన్నా చెల్లుద్ది. నేనంటే పళ్ళు రాలుతయ్."

కాలువ కట్టకు దిగువన సర్కారు తుమ్మ అడవిలా అల్లుకొని ఉంది. దాని ఆకు మేకలు ముట్టవు, అందుకే ఈమె అంత దూరం పోయేది. నీళ్ళ వైపున వరసగా పాత నల్లతుమ్మలు ఉన్నాయి. సర్కారు తుమ్మ కొమ్మలన్నీ వెతికాను, ఒక్క కట్ట లేదు. నల్లతుమ్మల మీద ఉన్నాయి. అన్ని చెట్ల మీదా లేవు. ఎండ బాగా తగిలి, ఆకు పలచబడ్డ ముసలిచెట్ల మీద, తూర్పువైపు కొమ్మల చివర. ఆ చెట్టు పుల్లలే, ఆ చెట్టు ముళ్ళే. కొంచెం దూరం నిలబడితే కొమ్మకు మొలిచిన ముల్లులాగే కనిపిస్తుంది.

"ఇయ్యి చానా ఉంటయ్యన్నా. నేను లెక్కచెయ్యను. ముళ్ళని మేకలు కూడా వదిలేస్తయ్," అన్నది ఆమె.

"నడిచేది ఒక్కటన్నా కావాలి. బతికున్న పురుగును చూపిస్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

లేవు. అన్నీ కొమ్మలకు గట్టిగా పట్టుదారంతో కట్టుకొని, మూతులు బిగించుకొని ఉన్నాయి. ఆ కాలం దాటిపోయింది. ఎండ నెత్తికి ఎక్కేదాకా వెతికాను. ఆమె మేకల్ని నీడకు తోలి, కొమ్మ నరకబోయి, కత్తి దించేసి కూర్చుంది. ఇక నుంచి కొమ్మ నరికినా తప్పే కదా.

"పోవాల్సి వస్తే యాడికి పోతావమ్మా?" అన్నాను.

"యాడికి పోతా. మేకల్ని పరాయి ఊళ్ళో ఎవురు మేపుకోనిస్తరు? అమ్ముకోవాల. అమ్ముకుంటే ఇంక నేనెందుకు?" మళ్ళీ తనే అన్నది, "మా ఆయన్ని ఇక్కడే పెట్టినం గదన్నా."

అప్పుడు కనపడింది. మూసుకున్న ఒక కట్ట కింది కొసకు చిన్న రెక్కల పురుగు పట్టుకొని ఉంది. ఈగకంటే కాస్త పెద్దది. పొగచూరిన కాయితం రంగు రెక్కలు, ఒళ్ళంతా బొచ్చు, దువ్వెన పళ్ళలాంటి మీసాలు. రెక్కల అంచులు అప్పటికే చిరిగి ఉన్నాయి. పొట్టను సాగదీసి కట్ట లోపలికి దూర్చి, కదలకుండా ఉంది. అన్నం తెచ్చుకున్న గిన్నె మూత తీసి దాని మీద బోర్లించాను. కొమ్మతో సహా విరిచి తెచ్చాను.

మా ఊరి రైతు కేంద్రంలో పనిచేసే వ్యవసాయ సహాయకురాలు పాతికేళ్ళ పిల్ల. నన్ను తాతా అంటుంది. ఆ పిల్ల దాన్ని ఫోను కెమెరాకు చిన్న అద్దం తగిలించి ఫోటో తీసి, ఎవరికో పంపి, ఏదో చదువుకొని, నావైపు తిరిగింది.

"తాతా, ఇది తుమ్మ మీదుండే సంచిపురుగు. ఇది మగది. మగదానికే రెక్కలు."

"మరి ఆడది?"

"ఆడది బయటికి రాదు. రెక్కలుండవు, కాళ్ళు కూడా ఉండవంట. పుట్టినప్పుడు కట్టుకొన్న సంచిలోనే పెరిగి, అందులోనే గుడ్లు పెట్టి, అందులోనే చచ్చిపోద్ది."

నేను ఏళ్ళ తరబడి పొలంలో గుడ్లు పెట్టే తల్లిపురుగుల్ని చూసినవాణ్ణి. తల్లిపురుగంటే రెక్కలు ఉండాల్సిందేనని ఎప్పుడూ అనుమానించలేదు. పాలకేంద్రం దగ్గర పురుగు కోసం చాకు పట్టుకున్నప్పుడు నా చేతిలోకి రాలింది ఆ తల్లి మిగిల్చిన గుడ్లన్నమాట. ఆ నూగు ఆ తల్లి ఒంటిదే.

"పొదుగుతాయా?"

"పొదుగుతయ్. పుట్టగానే ఏది దొరికితే అది నమిలి ఒంటికి చుట్టుకుంటయ్యంట. ఆకు గాని, గుడ్డ గాని, కాయితం గాని."

"అయితే నువ్వొచ్చి ఈ మాటే పదిమందిలో చెప్పు."

ఆ పిల్ల చూపు దించుకుంది. "నేను చెప్పలేను తాతా. ఆ అన్నకు పైన మనుషులున్నారు. నాకు ఈ ఉద్యోగం ఉండాల."

కోపం వచ్చింది. ఆ పిల్ల లోపలికి పోయి వెడల్పుమూతి గాజుసీసా, మూతకు కట్టడానికి దోమతెర గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎండలో పెట్టొద్దు. పొదిగేవి ఎండకు మాడిపోతయ్," అని జాగ్రత్త చెప్పింది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి అడిగింది. "ఆ ఇంటికి ఎట్టా వచ్చినయ్ అంటే ఏం చెప్తావ్?"

ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. ఎలా వచ్చాయో నాకు తెలుసు. మూతి బిగించుకునే ముందు ఆ పురుగులు మంచి చోటు కోసం కొమ్మ వదిలి తిరుగుతాయి. మోపులో వచ్చాయి, గోడ మీదికి దిగాయి, పాకి పాకి ద్వారబంధానికి, గుంజకు, దూలానికి పోయి కట్టుకున్నాయి. తెచ్చింది ఆమే. తెలియక తెచ్చింది. ఆ తెలియకపోవడాన్ని వినే చెవులు పాలకేంద్రం దగ్గర నాకు కనపడలేదు. అందుకని ఆ ఒక్క ముక్క చెప్పకూడదని నిర్ణయించుకున్నాను.

సీసాను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద గొడవైంది. మా ఇంట్లో పెడితే నేను మారుస్తానంటారు. పాలకేంద్రం వాడు వద్దన్నాడు, పాలు విరిగితే తన నెత్తికి చుట్టుకుంటుందట. చివరికి పంచాయతీ ఆఫీసు కిటికీలో, ఊచల వెనక, వీధిలో నుంచి అందరికీ కనపడేట్టు పెట్టడానికి ఒప్పుకున్నారు. తాళంచెవి రైతు దగ్గరే. గుంజకు దొరికిన విప్పని కట్టను, నేను విప్పినదాన్ని అందులో వేశాను.

"ఇది పురుగు కట్టుకునేదో మనిషి కట్టేదో అమావాస్య లోపల మీ కళ్ళతోనే చూడండి," అన్నాను. "వదినా, నీ ఇంట్లో నుంచి ఏదన్నా కాయితం ముక్క ఇవ్వు. నా చేతి వస్తువు వద్దు. నీది వెయ్యి."

వదిన నన్ను ఎగాదిగా చూసింది. నడుముకు దోపుకొన్న కుంకుమ పొట్లం తీసి, ఆ ఎర్రకాయితం అంచు చించి, సన్నగా తుంచి, సీసాలోకి తనే వేసింది.

"యాడ్నుంచి వచ్చినయ్ మరి మా ఇంటికి?" అన్నాడు రైతు. "పురుగే అనుకో బాబాయ్. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుంటే మా బిడ్డ ఉయ్యాల మీదికే వచ్చిందా?"

"గాలికి..." అని మొదలుపెట్టాను.

"నా మోపులోంచి వచ్చినయ్యక్కా," అన్నది మేకలామె.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చూస్తున్నది వదిననే.

"నువ్వు మాట్లాడకు," అన్నాను పళ్ళ బిగువున.

"ఎందుకన్నా దాచటం? కాలవ కట్ట మీద ఆ చెట్ల నిండా అయ్యే. మోపులో వచ్చినయ్. నీ గోడ మీద దించినా గదక్కా, ఎక్కి వచ్చినయ్. నాకు తెలవదు. తెలిస్తే దులుపుకొని వద్దును. నీ చేతి నీళ్ళు తాగినోళ్ళకు నీ మనవడి మీద ఏం పగ?"

రైతు అన్నాడు, "విన్నారుగా. ఒప్పుకుంది."

ఆ మధ్యాహ్నమే కూలివాణ్ణి పిలిపించి తన ప్రహరీ మీద సిమెంటు పూయించాడు. అందులో పగలగొట్టిన సీసాపెంకులు నిలువునా గుచ్చించాడు. ఇక ఆ గోడ మీద ఎవరూ మోపు ఆనించలేరు.

తర్వాతి రోజులు నాకు అన్నం సహించలేదు. పొద్దున ఒకసారి, ఎండ వాలాక ఒకసారి కిటికీ ముందు నిలబడి కళ్ళు చికిలించి చూసేవాణ్ణి. గింజలు గింజల్లాగే ఉన్నాయి. ఎర్రకాయితం ముక్కలు ఎక్కడివక్కడే. పోయేవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

"పెద్దాయనా, కోడిపెట్టను తెచ్చి కూర్చోబెట్టకపోయావా?"

"నీ బుర్రలో గుడ్లుంటే అయ్యి పొదిగేయ్ ఈపాటికి," అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో నాకు తెలుసు. వాళ్ళకు అమావాస్య ఎప్పుడొస్తుందా అని ఉంది.

ఈలోపు పసివాణ్ణి ఇంటికి తెచ్చారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందట, మందులకు తగ్గింది. నేను సంతోషించాను, కానీ అది నిలవలేదు. ఎందుకంటే ఊరంతా ఒకటే మాట. దూలం మీది కట్ట కాల్చేశాక బిడ్డకు నయమైందని. డాక్టరు పొడిచిన సూదులు ఎవరికీ గుర్తు రాలేదు. బిడ్డకు తగ్గకపోతే ఆమె తప్పు, తగ్గితే ఆమె తప్పు రుజువైనట్టు. ఇలాంటి లెక్కకు ఎదురు ఏం చెప్పాలి?

ఒక పొద్దున వెళ్ళేసరికి సీసా జరిగి ఉంది. ఊచల వెనక నీడలో పెట్టినదాన్ని ఎవరో కిటికీ చివరకు, సరిగ్గా ఎండపొడ పడేచోటికి జరిపారు. గాజు ముట్టుకుంటే చురుక్కుమంది. మా వైపు ఎండ సంగతి చెప్పనక్కర లేదు, పొద్దెక్కకముందే నాపరాయి మీద కాలు పెట్టలేం. ఊచల మధ్య చెయ్యి దూర్చి వేళ్ళ కొసలతో సీసాను వెనక్కు నెట్టాను. నేను విప్పిన కట్టలోని గింజలు ముడుచుకుపోయి తవిటిరంగుకు తిరిగాయి. విప్పని కట్ట ఎలా ఉందో బయటినుంచి ఎలా తెలుస్తుంది?

రైతు ఇంటికి పోయి వాకిట్లో నిలబడ్డాను. "తాళంచెవి నీ దగ్గరేగా. ఎండలోకి జరిపింది ఎవర్రా?"

"ఊడ్చే మనిషి జరిపిందేమో. నాకేం తెలుసు?"

"తెలిసే చేశావు."

"బాబాయ్, నీకు పెద్దరికం ఇచ్చి మాట్లాడుతున్నా. పోనీలే అనుకుంటున్నా, పో."

వదిన లోపలి గుమ్మంలో పసివాణ్ణి ఎత్తుకొని వింటోంది. కొడుకు వంక చూసింది. నా వంక చూడలేదు.

అమావాస్య ముందురోజు మేకలామె ఇంటి ముందు ఒక మేకల వ్యాపారి ఆగి బేరం చేసి పోయాడని తెలిసింది. నేను వెళ్ళేసరికి ఆమె గిన్నెలు బోర్లించి గోతంలో సర్దుతోంది. గడప మీద కూర్చొని, కాసేపు ఆమె సర్దటం చూసి, లేచి వచ్చాను.

అమావాస్యనాడు తెల్లవారి వెలుగు రాగానే కిటికీ దగ్గరికి పోయాను. అప్పటికే అక్కడ ఒక మనిషి ఉంది. వదిన. ఊచలకు నుదురు ఆనించి లోపలికి చూస్తోంది. సీసా నీడలోనే ఉంది. దాని మీద తడిపిన గుడ్డ కప్పి, ముందువైపు మాత్రం తెరిచి ఉంది. ఆ గుడ్డ వదిన పాతచీర ముక్క. తాళంచెవి ఆమె కొంగున ఉంది. ఎన్ని పూటల నుంచి ఆ గుడ్డ తడుపుతోందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఏమయ్యా, ఇటు చూడు," అన్నది.

నేను కళ్ళద్దాలు తుడుచుకొని వంగాను. విప్పని కట్ట కింది కొసనుంచి కంటికి ఆనీ ఆనని దారాలు వేలాడుతున్నాయి. సీసా గోడల మీద నల్లటి నలుసులు కదులుతున్నాయి. ఒక్కో నలుసు తోక పైకెత్తి నడుస్తోంది. ఆ ఎత్తిన తోక మీద ఒక్కోదానికి ఎర్రటి టోపీ. కుంకుమ పొట్లం కాయితం. కొన్ని ఇంకా చుట్టుకుంటూనే ఉన్నాయి. ఒక ముక్క అంచును నమిలి, దాన్ని కాళ్ళతో తిప్పి ఒంటికి తగిలించి, మళ్ళీ నమిలి.

వదిన చాలాసేపు చూసింది. "నా కాయితమే," అన్నది. "అయ్యే కట్టుకుంటన్నయ్."

పొద్దెక్కేసరికి కిటికీ ముందు జనం పోగయ్యారు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. మొన్న దండం బొమ్మలు పెట్టిన పిల్లలే. రైతు వచ్చాడు, చూశాడు. ఏం అంటాడో అని అందరూ వాడి మొహం వంక చూస్తున్నారు. "పురుగులే," అన్నాడు. "అయినా మా ఇంటికి తెచ్చింది ఆమే గదా."

"ఒరేయ్," అన్నది వదిన, గొంతు పెంచకుండా. "తెచ్చాననే చెప్పింది గదరా. అబద్ధం చెప్పిందా? ఆసుపత్రిలో డాక్టరు బిడ్డకు ఏమైందో చెప్పాడుగా. ఇంక ఇంటికి నడు."

వాడు నడిచాడు. క్షమాపణ అనే మాట ఎవరి నోటినుంచీ రాలేదు. భుజం మీద చెయ్యి వేసినవాడు రాలేదు, వీడియో పంపినవాడు రాలేదు. నాకు దానికే ఎక్కువ మంట. నిజం బయటపడితే అబద్ధం చెప్పినవాళ్ళు కాస్తయినా తలదించుకుంటారని ఇంత వయసొచ్చాక కూడా అనుకోవడం నా వెర్రితనం.

నేను సీసాను కాలువ కట్టకు తీసుకుపోయి, తూర్పువైపు ఎండ తగిలే ముసలి నల్లతుమ్మ కొమ్మకు ఆనించి మూత విప్పాను. ఎర్రటోపీలు ఒక్కొక్కటే బెరడెక్కాయి. మేకలామె గోతం విప్పి గిన్నెలు మళ్ళీ బయట పెట్టుకుందని, వ్యాపారిని తిట్టి పంపిందని తర్వాత తెలిసింది.

సాయంత్రం మా వీధిలో టంగు టంగుమని చప్పుడు. అరుగు మీద నుంచి చూశాను. వదిన ప్రహరీ పక్కన పీట వేసుకొని, దాని మీద నిలబడి, కొత్త సిమెంటులో గుచ్చిన సీసాపెంకుల్ని రోకలిబండ మొనతో కొడుతోంది. లోపలినుంచి కొడుకు, "ఏందమ్మా అది, చేతులు తెగుతయ్," అంటున్నాడు. సాయానికి మాత్రం రావడం లేదు.

గోడంతా కొట్టలేదామె. మలుపు దగ్గర, ఒక మోపు వెడల్పున కొట్టింది. పెంకులు చేటలోకి ఎత్తి, ఆ చోటంతా చీపురుతో రెండుసార్లు ఊడ్చి, అరచేత్తో తడిమి చూసుకుంది. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి గోడ మీద పెట్టి, కాలువ దారి వైపు చూస్తూ నిలబడింది.